నోటి పూత: చికిత్స వెంట వచ్చిన బాధ

మన పల్లెలలో నోరు పూచుట యన్న నెఱుగనివారు లేరు. వేసవిలో వేడిచేసి పూచును. తాంబూలములో సున్నము మించినను పూచును. ఇంటి పెద్దమ్మలు కాచు నూఱి పూయుదురు, చలువకు మజ్జిగ త్రాగింతురు. వారము తిరుగకుండ అది మానిపోవును. నే నీ ప్రసంగములో చెప్పబోవునది ఆ పూతనుగూర్చి కాదు. ప్రాణము నిలుపుటకై యిచ్చిన మందే నోటిని పుండు చేయుట యొకటి కలదు. రాచపుండు అని మన పెద్దలు పిలిచిన క్యాన్సరు వ్యాధికి చికిత్స పొందువారికి ఇది తఱచుగా కలుగును. వ్యాధిని ఓర్చుకొన్నవారు, కోతను ఓర్చుకొన్నవారు, ఈ నోటిమంట నోర్వలేక చికిత్సను నడుమ విడిచి ఊరికి తిరిగివచ్చుట కద్దు. అందుచేత ఈ సంగతి ఊరిపెద్దలు తెలిసికొనదగినది.

నేను వైద్యురాలను గాను. ముప్పదియేండ్లు రోగుల మంచముల ప్రక్కన నిలిచి ఉపచారము చేసిన నర్సును. నా నివాసము హైదరాబాదు పాతబస్తీలో లాల్‌దర్వాజా దగ్గఱ. మా వీధిలో తెలుగువారును, ఉర్దూ మాటలాడువారును గోడకు గోడ కలిపి కాపురముండుటచేత, ఒకే రోగమునకు రెండు సంప్రదాయముల మాటలు వినుట నాకు చిన్ననాటినుండియు అలవాటు. ఆయుర్వేదము దీనిని ముఖపాక మనును. సుశ్రుతుడు నోటిరోగములను 65 గా లెక్కించి యుండెను. చార్‌మినారు ప్రక్కన ఏడవ నిజాము కాలమున వెలసిన యునానీ ఆసుపత్రి హకీములు దీనినే ఖులా అందురు. ఈ రెండు వైద్యములును మందుకన్న ముందు చెప్పిన ఉపచార మొక్కటియే: నోటిలో ద్రవమును పట్టి యుంచి ఉమియుట. కదలుటకు వీలులేకుండ నోటినిండ పట్టిన గండూష మనియు, అటునిటు పుక్కిలించిన కవళ మనియు మన వైద్యులు పేర్లు పెట్టిరి. ఈ పుక్కిలింత మాటను జ్ఞాపక ముంచుకొనుడు; మరల దీనియొద్దకు రావలసి యున్నది.

మందువలన నోరు పూచుట క్యాన్సరు చికిత్సతో పుట్టినది కాదు. పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలతో మన దేశమునకు ఫిరంగివ్యాధి వచ్చెను. దానికి పాదరసము మందైనది. ఆ శతాబ్దముననే భావమిశ్రుడు రసకర్పూరమును ఈ వ్యాధికి విధించుచు, మాత్రను గోధుమపిండిలో పొదిగి, పండ్లకు తగులకుండ మ్రింగవలెనని హెచ్చరించెను. తగిలిన నోరు పూచునని ఆయన భయము. ఐరోపా వైద్యులు దీనికి నేరుగా ఎదురుదారి పట్టిరి. రోగి నోటివెంట లాలాజలము ధారగా కారుటయే మందు పనిచేయుచున్నదనుటకు గుర్తుగా భావించి, గిన్నెలతో దానిని కొలిచిరి. చిగుళ్లు వాచి, పండ్లు ఊడి, నాలుక బయటికి వ్రేలాడినను మందు ఆపలేదు. మూడు వందల యేండ్లకు మించి ఈ పద్ధతి సాగినదన్న ఆశ్చర్యము కలుగును. రోగి నోటి బాధను లాభపు ఖాతాలో వ్రాసికొన్న వైద్య మది. మన భావమిశ్రుడే నాకు నచ్చును. ఆయన కనీసము పిండిముద్ద నైనను అడ్డుపెట్టెను.

ఇక నీ కథలోనికి మన తెలుగువా డొకడు ప్రవేశించుచున్నాడు. యెల్లాప్రగడ సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. ఆయన యువకుడై యుండగా అన్నదమ్ము లిద్దఱు కొలది దినముల వ్యవధిలో స్ప్రూ అను వ్యాధివలన మరణించిరి. ఇది మన వైద్యులు చెప్పు సంగ్రహణిని పోలిన వ్యాధి. కడుపు నిలువక దేహము క్షీణించును. నాలుక ఎఱ్ఱబడి పూచి, కారము మాట అటుండనిచ్చి, ఉప్పుకూడ సహింపని స్థితి వచ్చును. స్ప్రూ అను మాటయే డచ్చి భాషలో నోటిపూతకు పేరు. సుబ్బారావునకును ఆ వ్యాధి సోకెను. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బ్రదికి, మద్రాసులో ఆ పండితుని ఆయుర్వేద కళాశాలయందే శరీరశాస్త్రము బోధించి, 1923లో అమెరికాకు వెడలెను. మఱల స్వదేశమునకు రాలేదు.

ఈ నడుమ బొంబాయిలో వేఱొక పరిశోధన జరిగెను. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు అచటికి వచ్చి, బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణులకు రక్తము క్షీణించుటకు కారణము వెదకెను. ఈస్టునుండి తీసిన చౌకరకపు సారమును తినిపింపగా వారు కోలుకొనిరి. ఆ సారములో నున్న గుణ మేదో అప్పటికి తెలియదు. తరువాతి కాలమున దానికి ఫోలిక్ ఆమ్లమను పేరు వచ్చెను. ఆకుకూరలలో నుండు పదార్థ మగుటచే ఆకు అను అర్థముగల లాటిను పదమునుండి ఆ పే రేర్పడినది. లెడర్లీ పరిశోధనాలయమున సుబ్బారావు నాయకత్వమున పనిచేసిన బృందము 1945లో దీనిని కృత్రిమముగా తయారుచేసెను. అన్నదమ్ములను పొట్టనబెట్టుకొన్న స్ప్రూ వ్యాధిలో పూచిన నాలుకను చల్లార్చుటకు అదే మందయ్యెను.

అట్టి మందు క్యాన్సరునకు గూడ మేలుచేయునేమో యని ఆశించిరి. బోస్టనులోని పిల్లల ఆసుపత్రియందు సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు, రక్తపు క్యాన్సరుతో నున్న పిల్లలకు ఆ జాతి పదార్థములిచ్చి చూచెను. వ్యాధి తగ్గలేదు, సరికదా వేగము పుంజుకొన్నట్లు తోచెను. ఫోలిక్ ఆమ్లము రోగకణములకును ఆహార మగుచున్నదన్న మాట. అట్లయిన దానికి విరోధియైనదానిని ఇచ్చిన నేమగును? సుబ్బారావు బృందము చూచుటకు ఫోలిక్ ఆమ్లమువలెనే యుండి, లోపల దాని పనిని అడ్డగించు అమినాప్టెరిన్ అను పదార్థమును తయారుచేసి పంపెను. 16 మంది పిల్లలకు ఇయ్యగా 10 మందికి కొంతకాలము గుణము కనబడెనని ఫార్బరు 1948 జూనులో ప్రకటించెను. అంతవఱకు రక్తపు క్యాన్సరు సోకిన బిడ్డకు ఎట్టి మందును లేదు. ఆ ప్రకటనయందే మందువలని కీడు కూడ వ్రాయబడియున్నది: పిల్లల నోళ్లు పూచినవి. ఫోలిక్ ఆమ్లము లోపించిన నోటికి ఏమి జరుగునో మందు చేతులార అదియే చేసెను. స్ప్రూలో ప్రకృతి చేసిన పుండును ఇచట వైద్యము చేయుచున్నది.

ఆ ప్రకటన వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూసెను. ఆయన బృందమునుండియే వచ్చిన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. పెద్దమోతాదున దానిని ఎక్కించి, కొన్ని గంటల తరువాత ఫోలినిక్ ఆమ్లమను విరుగుడునిచ్చి దేహమును కాచు పద్ధతి తరువాత ఏర్పడెను. విరుగుడు వేళ తప్పినచో దాని ఫలితము ముందుగా కనబడు స్థలములలో నోరొకటి.

నోరే ఏల? మన నోటి లోపలి పొర మిక్కిలి పలుచనిది. అది దినదినము అరుగుచు, అడుగునుండి క్రొత్తకణములు పుట్టి పైకి వచ్చుచుండగా, ఒకటి రెండు వారములలో పూర్తిగా మాఱిపోవుచుండును. క్యాన్సరు మందులు త్వరగా పెరుగు కణములను వేటాడును. రోగకణ మేదో, నోటి కణ మేదో ఎఱిగి కొట్టు తెలివి వానిలో చాలవానికి లేదు. అడుగున నాట్లు ఆగిపోయినపుడు పైపైరు అరిగి నేల బయటపడును. సీసా ఎక్కించిన వారము దినములకు పూత కనబడి, మఱి రెండు మూడు వారములలో మానుటకు కారణ మిదియే. సాధారణపు మోతాదులలో నూటికి 20 మొదలు 40 మందికి ఇది కలుగునని వైద్యుల లెక్క. మెడకును తలకును, అనగా నాలుక, బుగ్గ, గొంతుకలకు, కిరణచికిత్స పొందువారిలో నించుమించుగా అందఱికిని కలుగును.

మన జనులు కరెంటు పెట్టుట యని పిలుచు కిరణచికిత్సలో నోటి పూతకు వేఱు చరిత్ర యున్నది. పారిసు నగరపు రేడియం సంస్థలో 1920ల దశకమున హెన్రీ కూటార్డ్ అను వైద్యుడు, గొంతు క్యాన్సరునకు ఒక్కమాఱే పెద్దమోతాదు ఇచ్చుట మాని, దినమున కొంచెముగా వారములపాటు ఇచ్చెను. రెండవ వారమున నోటిపొర ఎఱ్ఱబడి, తెల్లని పూత కట్టి, తరువాత మానుటను ఆయన దినదినము గమనించి వ్రాసికొనెను. రోగకణములకన్న నోటిపొర త్వరగా కోలుకొనునని ఆ పరిశీలనవలన తేలెను. ఇప్పటికిని కిరణచికిత్స ఆఱేడు వారములు సాగుటకు మూల మా పద్ధతియే. దానివలన నొక చిక్కు కూడ వచ్చినది. మూడవ నాల్గవ వారమున, బాధ మిక్కుటమైనపుడు, రోగికి ఇంకను సగము చికిత్స మిగిలియుండును. ఆ సమయమున మానివేసినచో మిగిలిన రోగకణములు పుంజుకొనును. మెడ, తల క్యాన్సరులలో చికిత్సాకాలము ఒక్కొక్క దినము పొడిగిన కొలదిని వ్యాధి అణగు అవకాశము సుమారు నూటికొక పాలు తగ్గునని వైద్యులు లెక్కించిరి.

హైదరాబాదునకు వత్తము. 1866లో మొదటి సాలార్‌జంగు కాలమున మూసీ యొడ్డున వెలసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 వఱదలో కొట్టుకొనిపోయెను. తరువాత కట్టిన ఉస్మానియా ఆసుపత్రియే పాతబస్తీవారికి తరతరములు పెద్ద దిక్కు. క్యాన్సరునకు ప్రత్యేకముగా రెడ్‌హిల్స్‌లో 1955లో ఆసుపత్రి యేర్పడెను. హైదరాబాదు రాష్ట్రమున మంత్రిగా నుండి, పిమ్మట గుజరాతునకు మొదటి గవర్నరైన మెహదీ నవాజ్ జంగ్ పేరు దాని కున్నది. జనులు ఎం. ఎన్. జె. అందురు. తెలంగాణపు మూలమూలలనుండి వచ్చు బీదరోగులు, పాతబస్తీ జర్దాపాను వాడుకరులు అచటి వరండాలలో కలిసికొందురు. శ్రీకాకుళపు తీరమున చుట్టను నిప్పువైపు నోటిలో పెట్టుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిటిలో పుట్టు క్యాన్సరు వైద్యగ్రంథములకెక్కినది. పొగాకు ఏ రూపమున పోయినను నోటినే ముందు పట్టును. పిమ్మట చికిత్స మరల ఆ నోటినే పట్టును.

చార్‌కమాను దగ్గఱ అత్తరు అమ్ముకొను నొక వృద్ధుడు మా వీధిలో నుండెను. బుగ్గలో పుండు లేచి, కోత యైన తరువాత కిరణచికిత్స విధించిరి. నాల్గవ వారమున మూడు దినములు ఆసుపత్రికి పోలేదు. ఆయన భార్యను వీధి యంతయు ఖాలా యని పిలుతుము. ఆమె కబురు పంపగా పోయి చూచితిని. "నీళ్లు కూడ నిప్పు లైనవి బేటీ" అని ఆయన ఉర్దూలో గొణిగెను. కొడుకు చాటునకు పిలిచి, "మందు అబ్బాకు పడలేదు ఆపా, ఇక ఆపివేయుద మనుకొంటిమి" అనెను. దీపము వేసి నోరు చూచితిని. ఎఱ్ఱని పొరమీద పెరుగు విఱిగినట్లు తెల్లని గడ్డలు కనబడెను, అది బూజు. చికిత్సవలని పూతమీద బూజు చేరినపుడు బాధ రెండింత లగును. శుభ్రత కొఱకని వారు ఘాటైన సారాయి గుణముగల పరిమళపు నీటితో దినమున నాలుగుసార్లు పుక్కిలింప జేయుచున్నారు; అది పుండుమీద కారము. ఆ సీసాను తీయించి, మఱునాడుదయమే ఆసుపత్రికి పంపితిని. బూజునకు మందును, నొప్పికి మందును ఇచ్చి, చికిత్సను మరల సాగించిరి. కడపటి దినము వఱకు పూర్తియయ్యెను. నెలన్నరకు ఆయన మెత్తని ఖిచిడీ తినెను; ఆ పైన నాలుగేండ్లు అత్తరు అమ్మెను. ఆ ఇంటిలో ప్రేమకు లోటు లేదు, ధనమునకును అంత లోటు లేదు. నోరు పూచుట మందు పడకపోవుట కాదని, అది రాదగినదే యనియు, ఓర్చుటకు ఉపాయములు గలవనియు ముందుగా చెప్పినవారు మాత్రము లేకపోయిరి.

చెప్పుట నర్సు పని. నోటి సంగతి చిరకాలము వైద్యుల వ్రాతలలో నొక పంక్తితో ముగియుచుండెను. 1979లో ప్రపంచ ఆరోగ్యసంస్థ నోటిపూతకు సున్న మొదలు నాలుగు వఱకు మెట్లు నిర్ణయించెను: మంట మాత్రమే యున్న నొకటి, పుండ్లున్నను అన్నము దిగిన రెండు, ద్రవములే దిగిన మూడు, ఏమియు దిగకున్న నాలుగు. 1988లో అమెరికాలోని నెబ్రాస్కాయందు జూన్ ఐలర్స్ అను నర్సు తన తోడివారితో కలిసి నోటిని పరీక్షించు క్రమ మొకటి వ్రాసెను. కంఠస్వరము, మ్రింగుట, పెదవులు, నాలుక, లాలాజలము, లోపలిపొర, చిగుళ్లు, పండ్లు అను ఎనిమిదింటిని దినము చూచి అంకెలు వేయవలెను. ఇందు మొదటిది కంఠస్వర మగుట చూడుడు. రోగి నోరు తెఱవకముందే, మాట వినగానే నర్సునకు సగము తెలియును. ఇది పుస్తకమున చదివినపుడు నేను నవ్వుకొంటిని. మన పల్లెలలో ముసలమ్మలు గుమ్మము బయట నిలిచి చేయు పనియే కదా!

పుక్కిలింత మాట మఱువలేదు గదా. అమెరికా ఆసుపత్రులలో అనేక మందులు కలిపి, నోటిపూతకు మాయాజలమని ముద్దుపేరు పెట్టి, హెచ్చువెలకు అమ్ముచుండిరి. క్లోర్‌హెక్సిడిన్ అను క్రిమినాశకపు నీరు మఱియొకటి. కాలిఫోర్నియాలో మార్లిన్ డాడ్ అను నర్సు, ఈ రెండింటిని ఉప్పు, వంటసోడా కలిపిన నీటితో పోల్చి పరీక్షింపజేసి 2000వ సంవత్సరమున ఫలితము ప్రకటించెను. మూటికిని భేదము కనబడలేదు. ఉప్పుసోడా నీరు వెలలో మాత్రము మిక్కిలి చౌక. ఇట్టి పరీక్షను మందుల కంపెనీ యేదియు తనంతట తాను చేయదు. ఉప్పు అమ్మువానికి లాభ మేమి?

ఆ నీటిని చేయు విధము: కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఒక చిన్నచెంచా ఉప్పు, ఒక చిన్నచెంచా వంటసోడా. లేచినపుడు, భోజనానంతరము, పండుకొనబోవునపుడు, నడుమ రెండు మూడు గంటల కొకమారు పుక్కిలించి ఉమియవలెను, మ్రింగరాదు. ఏ పూటకాపూట, లేదా ఏ దినమున కాదినము క్రొత్తగా కలుపుట మేలు. బొగ్గు, ఇటుకపొడి, వేపపుల్ల ఆ దినములలో మాని, మిక్కిలి మెత్తని బ్రష్షుతో పండ్లు తోమవలెను. కట్టుడుపండ్లు రాత్రి తీసివేయవలెను. ఆవకాయ, నిమ్మరసము, వేడివేడి టీ, చుట్ట, పాను, సారాయి పనికిరావు. చల్లార్చిన జావ, పెరుగన్నము, మెత్తగా మెదిపిన పప్పు, గ్రుడ్డు, పాలు దిగును. మా వీధిలోనివారు పాలు, రవ్వ, బాదములతో చేయు హరీరాను చల్లార్చి యిత్తురు, చాల మంచిది. తేనెను మెడ, తల కిరణచికిత్సవారికి ఇటీవలి వైద్యమార్గదర్శకములు సూచించుచున్నవి. అయితే చక్కెరవ్యాధి గలవారు వైద్యు నడుగవలెను, నాకిన పిమ్మట నోరు కడుగవలెను, లేకున్న పండ్లు చెడును.

మంచుముక్కల సంగతి విచిత్రమైనది. 5-ఫ్లోరోయురాసిల్ అను మందును నరములోనికి ఒక్కపెట్టున ఎక్కించునపుడు అరగంటసేపు మంచుముక్కలు చప్పరించినవారికి పూత తగ్గినదని 1991లో ప్రకటించిరి. చలికి నోటి రక్తనాళములు ముడుచుకొని, మందు అచటికి తక్కువగా చేరును. అన్ని మందులకు ఈ ఉపాయము పొసగదు, కొన్నింటికి చలి హానియు చేయును. కావున నర్సు నడుగక చేయరాదు. బజారు బరఫు మాత్రము వలదు. కాచిన నీటిని గడ్డకట్టించినదే వాడవలెను.

ప్రసంగవశమున నొక హెచ్చరిక. మెథోట్రెక్సేటును నేడు కీళ్లవాపునకును, సోరియాసిస్ అను చర్మవ్యాధికిని చిన్నమోతాదున మాత్రలుగా ఇచ్చుచున్నారు. అది వారమున కొక్క దినమే మ్రింగవలసినది. చీటి సరిగా చదువలేక ప్రతిదినము మ్రింగి ప్రాణాపాయము తెచ్చుకొన్నవారు కలరు. అట్టివారికి ముందుగా కనబడు గుర్తులలో నోటిపూత యొకటి. ఆ మాత్రలతోపాటు వైద్యులు ఫోలిక్ ఆమ్లపు మాత్రలను గూడ వ్రాయుదురు. మీ ఊరిలో నెవరి మందులపెట్టెలో నైనను ఈ రెండును ప్రక్కప్రక్కన నున్న, అవి రెండును భీమవరపు సుబ్బారావు పరిశోధనాలయపు బిడ్డలే.

పుక్కిలింతతో తీరని నొప్పి కలదు. మూడవ మెట్టు, నాల్గవ మెట్టు చేరినవారికి మార్ఫిను కావలెను. 1985 నాటి మత్తుమందుల చట్టమువలన ఆసుపత్రులకు సైతము ఇది దొరకుట దుర్లభ మయ్యెను. 2014లో చట్టమును సవరించి, నొప్పి తీర్చుటకు దానిని పొందు మార్గము కొంత సులభము చేసిరి. ఎం. ఎన్. జె.లో నొప్పి నివారణకు ప్రత్యేక విభాగ మున్నది. వైద్యుడు కొలిచి యిచ్చిన మార్ఫినును తాగుబోతు మందని భయపడి దాచివేయు కుటుంబములను చూచితిని. ఆ భయమువలన రోగి అన్నము మ్రింగలేడు, అన్నము లేక చికిత్సకు పోలేడు.

సీసాలు ఎక్కించువారు రెండు మూడు వారముల కొకమారు ఊరినుండి మరల ఆసుపత్రికి పోవలసియుండును. ఆ నడిమి దినములలో నూరు డిగ్రీలు దాటి జ్వరము వచ్చినను, నోటినుండి రక్తము కారినను, నీరుకూడ దిగకున్నను, నియమించిన తేదీకి ఆగరాదు. రాత్రియైనను బండి కట్టవలెను. లేనిచో తేదీనాడు పోయిన చాలును. అచట నర్సు రక్తపరీక్షచీటి నందుకొని, దీపము చేతబట్టి, ముందుగా నోరు తెఱువు మనును. పూత మానినదని కనబడినగాని వైద్యుడు తరువాతి సీసాకు ఆజ్ఞ వ్రాయడు.